ఎర్రపెట్టెకు ఆయుధపూజ

నరసన్నపేట బజార్లో స్టీలు సామాన్ల కొట్టు నడిపే ధర్మారావుదొక వింత ప్రాణం. కొత్త బిందె సొట్టపోయిందంటే నవ్వేస్తాడు. ఇంట్లో బీరువాలోని అట్టపెట్టె మూల నలిగిందంటే మాత్రం ఆ పూట అన్నం ముట్టడు.

ఆ పెట్టెల్లో ఉన్నవి నలభై ఏళ్ల కిందట పైదేశాల్లో అచ్చయిన కథల ఆటలు. ఒకడు కథ నడిపిస్తుంటే మిగతావాళ్లు దొంగలో, మంత్రగాళ్లో అయిపోయి, ఇరవై ముఖాల పాచిక విసిరి తమ చావుబతుకులు తేల్చుకోవాలి. ఎక్కడెక్కడో వెతికి తెప్పించినవాటిలో ఎర్రపెట్టె అంటే ఆయనకి మరీ ముద్దు. చేతులు కడుక్కుని, ఊపిరి బిగబట్టి మూత తీస్తాడు. పుస్తకం పైకి చదువుతాడు, పాచికల్ని కళ్లారా చూసుకుంటాడు, మళ్లీ దాచేస్తాడు. ఆడడు గాక ఆడడు.

రోజూ వినీ వినీ ఆయన భార్య గౌరికి ఆ పుస్తకమంతా కంఠతా వచ్చేసింది. వినడంతో ఆమెకి ఆశ తీరలేదు.

“ఒక్కపాలి ఆడదామండీ. నేను దొంగదాన్నవుతాను.”

“నీ సెయ్యి పడితే అట్ట మాసిపోతాది గౌరీ. మచ్చ లేకుంటేనే దానికి ధర.”

“బిందె కొని నీళ్లు పట్టనోళ్లని మిమ్మల్నే సూసినాను,” అని మూతి తిప్పుకుని వెళ్లిపోయింది.

దసరా వచ్చింది. పొద్దున్నే కొట్లో కాటాకి, క్యాలిక్యులేటరుకి, స్కూటరుకి, ఆఖరికి షట్టరు తాళానికి కూడా గౌరి బొట్లు పెట్టి ఇంటికి వెళ్లిపోయింది. ధర్మారావు కొబ్బరికాయ కొట్టి, పక్క కొట్టువాళ్లకి ప్రసాదం పంచి, మధ్యాహ్నానికి ఇల్లు చేరాడు.

బీరువా తలుపులు బార్లా తీసి ఉన్నాయి. ఎర్రపెట్టె పీటెక్కి కూర్చుంది. మూతకి తడి పసుపు, దానిమీద రూపాయంత కుంకుమ బొట్టు, ఆపైన ఒక బంతిపువ్వు. ధర్మారావు పెట్టిన కేకకి పక్కింటి పిల్లి గోడ దూకింది.

“ఏటి సేసినావే!”

“ఆయుధపూజ కదండీ. ఇందల కత్తులు, గొడ్డళ్లు, ఈటెలు ఉన్నాయని మీరే కదా సెప్పినారు?”

ఆయన తువ్వాలు అందుకున్నాడు.

“పండగపూట బొట్టు సెరిపేస్తారేటి?” అని గౌరి బుగ్గలు నొక్కుకుంది.

తువ్వాలు చేతిలోనే ఉండిపోయింది. పాత అట్ట పసుపునీళ్లు అప్పటికే తాగేసింది. ఆయనకి నిజంగానే కళ్లమ్మట నీళ్లొచ్చాయి.

“ఇంక దీన్నెవడూ కొనడే.”

“కొనడు కదా? ధరతో పాటు మాసిపోతాదన్న బెంగ కూడా పోనాది.” గౌరి అప్పటికే చాప పరిచేసి ఉంచింది. “కూకోండి. దొంగది కోట తలుపుకాడికి వచ్చీసింది. తాళం తియ్యగల్దా, లేదా?”

ధర్మారావు పెట్టెని చూశాడు, పెళ్లాన్ని చూశాడు. ఇన్నాళ్లూ పుస్తకంలో మాత్రమే చదువుకున్న కోట తలుపు ముందు నిజంగా ఒక మనిషి నిలబడటం అదే మొదలు. కోపం ఎంత తెచ్చుకుందామన్నా రాలేదు. చాప మీద చతికిలబడ్డాడు.

“ఆ తలుపుకి మూడు తాళాలున్నాయి,” అన్నాడు కసిగా.

గౌరి పసుపు చేత్తోనే పాచిక విసిరింది.