సవరంలోంచి జారిన వెంట్రుక

పోలీసు చర్య ముగిసి ఏడాది తిరగకముందే సికింద్రాబాదులో నిపుణులకు గిరాకీ పెరిగింది. కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరుకు పాత పద్ధతులు గిట్టవు. కొట్టి నేరం ఒప్పించడం నవాబుల కాలంతోనే పోయిందట, ఇక సైన్సే మాట్లాడాలట. కొట్టడం మాత్రం ఆగలేదనుకోండి, అది వేరే సంగతి.

ఆ సైన్సు కోసం వెతికితే మౌలాలి దగ్గర ఒక మిషన్ బడిలో జీవరాజు మాస్టారు దొరికాడు. గుంటూరు నుంచి వచ్చి ఏళ్లు గడిచినా చొక్కా ఇస్త్రీ నలగనివ్వని మనిషి. బడి మొత్తానికి ఒకటే మైక్రోస్కోపు, దాని బీరువా తాళంచెవి ఆయన జేబులో. పిల్లలకు ఉల్లిపొర చూపించడానికి ఏడాదికోసారి బయటికి తీసేవాడు. ఇంతకన్నా పెద్ద అర్హత ఏం కావాలి?

కార్ఖానా బస్తీలో ఉండే కాంట్రాక్టరు భార్య విజయమ్మగారి చంద్రహారం పోయింది. ఖాళీ నగలపెట్టె మూతకు మూరెడు వెంట్రుక ఒకటి చిక్కుకుని ఉంది. పనిమనిషి బాలమ్మను ఠాణాలో కూర్చోబెట్టారు. జవాను ఆమె తలలోంచి నాలుగు వెంట్రుకలు పీకాడు. ఎందుకో చెప్పలేదు. ఇదీ దెబ్బల్లో భాగమే అనుకుని ఆమె అడగలేదు.

పెట్టెలో దొరికిందీ, బాలమ్మవీ రెండు కవర్లలో మాస్టారి బల్ల మీదికి వచ్చాయి. ఆయన ఆదివారం ఆరాధన కూడా మానుకుని చూశాడు. రంగు ఒకటే, మందం ఒకటే, వెంట్రుక నడుమ కనిపించే గీత అక్కడక్కడా తెగిన తీరూ ఒకటే. పెట్టెలోని వెంట్రుకకు కుదురు లేదు, కత్తిరించినట్టుంది. బాలమ్మవి మరీ పొట్టిగా ఉన్నాయి. పీకడంలో తెగాయిలే అనుకున్నాడు. ఇంత బాగా కలిసినచోట చిన్న చిన్న లోపాలెంచడం ఆయనకు మర్యాదగా తోచలేదు. “రెండూ ఒకే తలవి” అని రాసి, భార్య మార్తకు గొంతు సవరించుకుని మరీ చదివి వినిపించాడు.

“ఇంతకీ ఆ మనిషిని చూశారా?” అంది మార్త.

“సైన్సుకు మనుషులతో పనిలేదు” అన్నాడు మాస్టారు.

కోర్టులో ఆమెను మొదటిసారి చూశాడు. బోనులో నిలబడ్డ బాలమ్మ తలమీంచి కొంగు జారింది. జుట్టు మెడ కూడా దాటలేదు. పెట్టెలో దొరికింది మూరెడు, అదీ కత్తిరించింది. తను ఊరుకుంటే నిపుణుడిగా మిగులుతాడు, ఆమె జైలుకు పోతుంది. చాలా సిగ్గేసింది. మేజిస్ట్రేటు అనుమతి తీసుకుని అడిగాడు.

“అమ్మా, నీ జుట్టెప్పుడు తీశారు?”

“పోయినేడు జొరమొచ్చినప్పుడు కోసిన్రు సారూ. అంత గా కూసున్న అమ్మనే తీస్కుంది. సవరం జేయించుకుంది. గిప్పుడు సుత గదే వెట్టుకుంది.”

కోర్టంతా విజయమ్మగారి కొప్పు వైపు తిరిగింది.

“వెంట్రుక బాలమ్మదే” అన్నాడు మాస్టారు, ఇన్‌స్పెక్టరు గుడ్లురుముతున్నా. “కానీ ఆమె పెట్టె ముట్టుకుందని దాన్నిబట్టి చెప్పలేను. నేను సరిగ్గా చూడలేదు.”

సవరం తీసి పరీక్షకివ్వమన్నాడు మేజిస్ట్రేటు. వెంటనే విజయమ్మగారికి జ్ఞాపకం వచ్చింది: హారం నేరేడ్‌మెట్‌లో చెల్లెలి ఇంట్లో మరిచిపోయి ఉంటుందట. జ్ఞాపకశక్తికి ఇంతటి మందు ఉందని ఏ డాక్టరూ ఇంతవరకు కనిపెట్టలేదు. కొప్పు కదలకుండా ఫిర్యాదు వెనక్కి తీసుకుని ఆవిడ జట్కా ఎక్కింది.

బయట మెట్ల దగ్గర మాస్టారు బాలమ్మకు ఎదురెళ్లాడు.

“తప్పు నాదేనమ్మా. నిన్ను ఒక్కసారి చూసుంటే ఇంతదాకా వచ్చేది కాదు.”

“జెర తక్లీఫే అయింది సారూ” అంది బాలమ్మ. “గానీ అమ్మ కొప్పు జూసి అందరు ఎంత జుట్టో అంటుంటే ఆమె నవ్వుకుంట ఊకుంటది. గది నాదని సర్కారు కాయితం మీద రాసింది మీరొక్కరే.”

కొంగు తలమీదికి లాక్కుంది.

“ఆ కాయితం నాకిప్పిస్తరా?”