గోడ అవతలికి పారిన నీళ్ళు

ఎవరైనా బట్టలుతికిన నీళ్ళు ఎండుమట్టి మీద పారబోస్తే సబ్బు, తడి కలిసి ఒక వాసన లేస్తుంది. అది తగిలితే చాలు, బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా పెరట్లోకి వెళ్ళిపోతాను.

అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. నాన్న గూడ్సు బండి గార్డు. డ్యూటీకి వెళితే ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. క్వార్టర్ల వరసలో మాది మెరక మీది ఇల్లు. మా స్నానాల నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు మట్టికాలవలో పారి, గోడ కింది తూములోంచి పక్కింటి సూరమ్మ పిన్ని అరటి చెట్లకు, అక్కడినుంచి అవతలివాళ్ళ బెండ మొక్కలకు, ఆనప పాదులకు పోయేవి. కొళాయిలు సన్నగిల్లి, వడగాలి తలుపులు బాదే రోజుల్లో కూడా మా వరస పచ్చగా ఉండేదంటే ఆ మురికినీళ్ళ చలవే. నీళ్ళు వదిలే ముందు కేకేయడం ఆనవాయితీ; అవతలివాళ్ళు పాదులకు గట్టు సర్దుకోవాలి కదా.

"పిన్నీ, నీళ్ళొగ్గుతున్నాను!"

"ఒగ్గీ, ఒగ్గీ! బువ్వ తిన్నావేటే?"

సెలవుల్లో రోజంతా నాతో ఎవరైనా మాట్లాడారంటే ఆ మాటే. అందుకని రెండుసార్లు, మూడుసార్లు స్నానం చేసేదాన్ని, ఉతికిన గౌనే మళ్ళీ ఉతికేదాన్ని. "ఉతికిందే ఉతుకుతున్నావు, నీకేటైనా జబ్బా?" అని ఎగతాళి చేస్తూనే పిన్ని ఆవ పెట్టిన అరటికాయ కూర, నాగుల చవితికి నువ్వుల చిమ్మిలి గోడ మీదుగా అందించేది.

ఒక వేసవిలో కాలవలు పూడ్చి సిమెంటు గొట్టాలు వేశారు. దోమలు పోతాయని అందరూ సంబరపడ్డారు, పిన్నితో సహా. మర్నాడు అలవాటుగా కేకేశాను.

"ఇంకెందుకే కేకలు? గొట్టంలోకే పోతాయి కదా," అంది పిన్ని, బయటికి రాకుండానే. అందులో ఆవిడ తప్పేమీ లేదు. స్నానాల గది తలుపేసుకుని, బకెట్టు మీద బకెట్టు గుమ్మరించుకుంటూ ఏడ్చాను. అరటి చెట్లు ఆ ఎండలకే వాడిపోయాయి.

ఇప్పుడు ఆ క్వార్టర్లూ లేవు, పెరళ్ళూ లేవు. ఇదే ఊళ్ళో నాలుగో అంతస్తులో ఒక్కదాన్నే ఉంటున్నాను. ఊరిని పచ్చగా ఉంచుదామని గోడల మీద రంగులతో రాస్తున్నారు, మంచిదే. నా వంతుగా బాల్కనీలో నాలుగు కుండీలు పెట్టుకున్నాను. మొన్న కింది ఫ్లాటు అమ్మాయి, మన తెలుగువాళ్ళ పిల్లే, బెల్లు కొట్టింది.

"ఆంటీ, మీ మొక్కల పానీ మా బట్టల మీద పడుతోంది."

లోపలికి రా, టీ తాగి వెళ్ళమ్మా అన్నాను.

"అచ్ఛా ఆంటీ, ఫిర్ కభీ," అని, మరోసారెప్పుడైనా వస్తానన్నట్టు దిగిపోయింది.

కుండీల కింద పళ్ళాలు పెట్టాను. మా నీళ్ళు ఇక ఎవరింటికీ పోవు.