బీరు కార్ఖానాలో మా అక్క పెళ్ళి

ఆ రోజుల్లో అబద్ధం చెప్పాలన్నా ఒళ్ళు వంచి పనిచేయాల్సి వచ్చేది. నోరు తెరవగానే ఎవరూ నమ్మేవారు కాదు. ఎదుటివాడు నాలుగు ప్రశ్నలు వేసేవాడు, మనం ఐదోదానికి కూడా జవాబు సిద్ధంగా ఉంచుకోవాలి. ఆ విద్యలో బళ్ళారి మొత్తానికీ నేను రెండోవాణ్ణి (మొదటివాడు నేను పనిచేసిన లారీ కంపెనీ యజమాని). అయితే నాకు అసలు పేరు తెచ్చిపెట్టింది మాత్రం ఒక భవనం.

కంటోన్మెంటు వైపు తెల్లదొరలు వదిలేసి వెళ్ళిన పాత బీరు కార్ఖానా అది. మా యజమాని దాన్ని అద్దెకు తీసుకుని ఖనిజం లారీల టైర్లు పెట్టాడు, ఆ టైర్లకు నన్ను గుమాస్తాగా పెట్టాడు. రెండు వరసల రాతిగోడలు కట్టి నడుమ ఊక నింపారు. బయట మే నెల ఎండకు పెనంలా కాలుతున్నా లోపల అడుగు పెడితే ఒళ్ళు జలదరించేది. నడినెత్తిన ఆవిరి పోవడానికి చెక్క రెక్కల కిటికీలతో ఒక బురుజు, మూలన ఎర్ర ఇటుకల పొగగొట్టం, దాని పక్కన రాగి కాగులు కూర్చోబెట్టిన రెండు గుండ్రటి గుంటలు. నేలంతా నున్నటి కడప బండలు. రెండు గోడల నుంచీ మధ్యలో ఉన్న కాలువ వైపు వాలుగా పరిచారు. గోడ దగ్గర బకెట్టు నీళ్ళు కుమ్మరిస్తే చాలు, తనను తానే కడుక్కునే నేల. నిలబెట్టిన టైరు దొర్లిపోయినప్పుడల్లా ఆ వాలు నాకు గుర్తుకొచ్చేది. గుర్తుకు రావలసిన రోజున మాత్రం రాలేదు.

అప్పుడు మా అక్కకు సిరుగుప్ప పక్క క్యాంపులో సంబంధం కుదిరింది (కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరిపొలాలు కొనుక్కున్నవాళ్ళ ఊళ్ళను మేం క్యాంపులనే అంటాం). పిల్లవాడు బంగారం. వాళ్ళ తాతే గండం. కుర్రతనంలో తాగుడు మాన్పించాలని కల్లు దుకాణాల ముందు అడ్డంగా పడుకుని జైలుకెళ్ళిన మనిషి. మందు వాసన తగిలిన చోట మంచినీళ్ళు కూడా ముట్టడు. అంతకు ముందే ఒక మనవరాలి నిశ్చితార్థంలో, అవతలివాళ్ళ మేనమామకు సారా కొట్టుందని తెలిసి, తాంబూలాల పళ్ళెం ముందు నుంచి అందరినీ లేపుకుని వెళ్ళిపోయాడట.

పెళ్ళికి ముందురోజు పొద్దున్నే గాలివాన. బ్రూస్‌పేటలో మా ఇంటి ముందు వేసిన పందిరి లేచి వెళ్ళి ఎదురింటి మిద్దె మీద కూర్చుంది. ఇంట్లో మోకాలి లోతు నీళ్ళు. నాయన నన్ను పిలిచి, "నాలుగొందల మంది కూర్చునే జాగా యాడుండాదో చూడప్పా. దినామూ నోటితో కోటలు కడతాండావు కదా, ఒగ కోటన్నా పనికి రానీ" అన్నాడు.

యజమాని దయతలిచాడు. టైర్లన్నీ నేలమాళిగలోకి దొర్లించి తాళం వేశాం. గోడలకు సున్నం కొట్టి, గుమ్మానికి మామిడాకులు కట్టేసరికి బీరు కార్ఖానా కూడా కొత్త పెళ్ళికూతురిలా సిగ్గుపడింది. ఇది ఏమిటో తాతకు తెలిస్తే పెళ్ళి ఆగిపోతుందని నాయన వణికాడు. ఆ సంగతి నాకు వదిలెయ్యమన్నాను.

మర్నాడు బస్సు దిగి లోపలికొచ్చిన తాత, తలెత్తి పొగగొట్టం చూసి, "ఏవిటయ్యా ఈ బంగళా?" అన్నాడు. తడుముకోకుండా, ఒక దొరకు మన దేవుళ్ళ మీద గురి కుదిరి కట్టించిన యాగశాల అన్నాను. పొగగొట్టం హోమం పొగకు, గుంటలు హోమగుండాలు, బురుజు మంత్రాలు ఊరంతా వినబడటానికి. మరి ఇంత మందం గోడలు? సిపాయిల బూట్ల చప్పుడు ధ్యానానికి అడ్డురాకుండా. తాత గోడకు చెయ్యి ఆనించి, ఆ చల్లదనానికి కళ్ళు మూసుకున్నాడు. నేను గెలిచాననుకున్నాను.

ముహూర్తం గోధూళి వేళకు. మధ్యాహ్నం మొదటి బంతి వేశాం. మర్యాదకని మగపెళ్ళివాళ్ళను గోడ వారగా, వాళ్ళకు ఎదురుగా, కాలువ వైపు, మావాళ్ళను కూర్చోబెట్టాం. పప్పు దాకా ఏ గొడవా లేదు. చారు పోశారు. తాత ఆకులో నుంచి చారు ఒక పాయగా బయలుదేరి, ఎదురుగా ఉన్న మా చిన్నాయన ఆకును పలకరించి, ఆయన ఒళ్ళోకి దిగింది. దాని వెనకే నలభై ఆకుల నుంచి నలభై పాయలు. మజ్జిగ వచ్చేసరికి మావాళ్ళ ఆకులు పడవలయ్యాయి. చిన్నాయన పంచె ఎగ్గట్టుకుని, "వియ్యంకులు తినకముందే మాకు పంపిస్తాండారు, ఇంత ప్రేమ యాడా చూళ్ళేదప్పా" అన్నాడు.

అందరూ నవ్వారు, తాత తప్ప. "అబ్బాయ్, యాగశాలకి ఈ వాలేవిటి?"

"అభిషేకాలకు, తాతగారూ. నూటెనిమిది బిందెలు పోస్తే నీళ్ళు నిలవకూడదు కదా."

తాత నన్ను ఎగాదిగా చూసి, గుమ్మం దగ్గర నిలబడ్డ ఖాన్ తాత వైపు తిరిగాడు. దొరల కాలం నుంచీ ఆ కార్ఖానాకు కాపలాదారు. పొద్దున్నుంచీ లడ్లతో అతని నోరు మూస్తూనే ఉన్నాను. ఆ ఒక్క క్షణానే అది ఖాళీగా ఉంది.

"ఏవయ్యా, దొరల కాలంలో ఇక్కడేం జరిగేదో నువ్వు చెప్పు."

చేతులన్నీ ఆకుల్లో ఆగిపోయాయి. తడిక వెనక నుంచి అక్క చూసిన చూపు ఇప్పటికీ నా వీపున చురుక్కుమంటుంది. ఎందుకంటే ఖాన్ తాత జన్మలో అబద్ధమాడిన మనిషి కాదు. గడ్డం నిమురుకుని నిదానంగా మొదలుపెట్టాడు.

"పొద్దు మునిగితే దొరలంతా ఈడికే వస్తాండిరి సాబ్. నడిచి వచ్చినోళ్ళు మోకాళ్ళ మీద పోతాండిరి. కొందరు ఏడుస్తాండిరి, కొందరు పాడతాండిరి. పెద్ద దొర సిపాయి మెడ మీద చెయ్యేసి, నువ్వు నా తమ్ముడివిరా అంటాండె. ఇంటి దావ కూడా యాదికుండేది కాదు."

తాత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "భక్తంటే అదీ" అని, కాలువలో పారుతున్న మజ్జిగచారుకు దణ్ణం పెట్టాడు. సాయంత్రం అక్క మెడలో మూడు ముళ్ళూ పడ్డాయి. నాయన నన్ను పక్కకు పిలిచి కొట్టబోయి, ముద్దు పెట్టుకున్నాడు.

తాత బతికున్నంత కాలం ఏటా క్యాంపు నుంచి జనాన్ని బస్సెక్కించి తెచ్చి ఆ యాగశాల చూపించాడు. మొన్న అటువైపు పనుండి లోపలికి వెళ్ళాను. టైర్లు ఎప్పుడో ఖాళీ చేశారు. పొగగొట్టానికి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. ఒక పెద్దావిడ గుంటల చుట్టూ ప్రదక్షిణాలు చేస్తోంది. తల నెరిసినందుకో ఏమో, నాకు నిజం చెప్పాలనిపించింది. ఇది బీరు కార్ఖానా అమ్మా, అన్నాను.

ఆమె ఆగి నన్ను జాలిగా చూసింది. "ఇంత వయసొచ్చింది, ఇంగా అబద్ధాలాడతాండావేంది అప్పా?"

చెంపలేసుకుని ఆమె వెనకే నడిచాను. నలభై ఏళ్ళ నాడు ఇదే బండల మీద చారు గిన్నెలతో పరుగులు తీసినవాణ్ణి. ఇప్పుడు ఆ వాలుకు ఒక్క ప్రదక్షిణానికే, ఆనాటి దొరల్లాగా, కాలు తూలింది.