శేషప్ప మగ్గం గుంట

ఎమ్మిగనూరులో మా ఎదురింటి శేషప్పది గుంట మగ్గం. గుంటలోకి కాళ్లు దించుకుని, గట్టు మీద కూర్చుని నేస్తాడు. గంటకోసారి మగ్గం చప్పుడు ఆగుతుంది. "ఏమాయె శేషప్పా?" అని నేను వాకిట్లోంచి అరిస్తే, "పోగు తెగింది, సూస్తాండాను" అంటాడు. ఇంత జాగ్రత్త గల నేతగాడు ఊళ్లోనే లేడని ఇరవై ఏళ్లు నమ్మిన తెలివితక్కువవాణ్ణి నేను.

పోయిన వేసవిలో ఓ రోజు లోపలికి పోయి చూస్తే పోగూ లేదు, పాడూ లేదు. తొక్కుడు చెక్కల మీంచి పాదాలు తీసి, గుంట అడుగున తడిమట్టికి ఆనించి, కళ్లు మూసుకుని కూర్చున్నాడు. పొద్దున్నే అందులో చెంబెడు నీళ్లు చల్లుకుంటాడట. బయట నలభై మూడు డిగ్రీలు, ఆయన అరికాళ్ల కింద మాత్రం పుష్యమాసం.

"వేళ్లు ఒక్కొక్కటే అదమాలప్పా. బొటనవేలు ఆఖర్న" అని నాకు పాఠం కూడా చెప్పాడు. "ఎవరికీ సెప్పొద్దు."

ఈ వేసవిలో ఆ గుంటకే ముప్పొచ్చింది. తండ్రి మోకాళ్లు పట్టేస్తున్నాయని కొడుకు సంతోష్, బెంచీ మీద కూర్చుని నేసే స్టాండు మగ్గం తెచ్చాడు. గుంట పూడ్చి అక్కడే దీన్ని పెడతానన్నాడు. వాడి మాటలో తప్పు లేదు. గుంటలోంచి పైకి లేవాలంటే శేషప్పకు రెండు చేతులూ, ముగ్గురు దేవుళ్లూ కావాలి.

అయినా ఒప్పుకోడు, అసలు సంగతీ చెప్పుకోలేడు.

"తేమ లేకుంటే నూలు తెగుతాదిరా."

"తెగితే ముడేస్తాం నాయనా."

"మా నాయన తవ్విన గుంటరా!"

"తాతకీ మోకాళ్ల నొప్పులే కదా."

శేషప్ప నా వైపు దీనంగా చూశాడు. నేను గోడ మీది క్యాలెండరు చూశాను.

మర్నాడు మేస్త్రీ నరసన్న ట్రాక్టరుతో మన్ను తోలించుకుని వచ్చి, ఎదురుగా మా వాకిట్లో పోయించాడు. అప్పుడే కరెంటు పోయి ఫ్యాను ఆగింది. కొలత తీస్తానని గుంటలో కాళ్లు పెట్టిన నరసన్న, టేపు చేత్తో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. ఐదు నిమిషాలైంది.

"అన్నా, అయిందా?" అన్నాడు సంతోష్.

"కొలత తప్పింది. మళ్లా తీస్తాండాను" అన్నాడు నరసన్న కళ్లు మూసుకునే.

శేషప్ప మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు ఎంతోసేపు లేదు. బయట రేకుల కింద రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతున్న ఆయన భార్య హులిగెమ్మ, చెమట తుడుచుకుంటూ లోపలికొచ్చింది. పెళ్లయిన నాటి నుంచీ ఆమె చోటు ఆ రేకుల కిందే.

"అంత ఏముందప్పా ఆ గుంటలో? నువ్ లేయి నరసన్నా, నేను సూస్తాను."

కూర్చుంది. కాళ్లు దించింది. వేళ్లు ఒక్కొక్కటే తడిమట్టికి అదిమింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"నలభై ఏండ్లు నేను రేకుల కింద ఉడికిపోతాంటే, నువ్వు ఈడ కూసోని ఈ సల్లదనమంతా ఒక్కడివే తింటాంటివా? ఒక్కనాడన్నా రమ్మంటివా?"

"సిగ్గుతో సచ్చిపోయినానప్పా" అని తర్వాత నాతో అన్నాడు శేషప్ప. నాకూ సిగ్గేసింది. ఇరవై ఏళ్లుగా ఆమెను ఆ ఎండలో రోజూ చూస్తున్నవాణ్ణే కదా నేనూ.

గుంట పూడ్చలేదు. ట్రాక్టరు మన్ను ఇంకా మా వాకిట్లోనే పడి ఉంది. స్టాండు మగ్గం రేకుల కిందికి పోయింది, దాంతోపాటు శేషప్పా పోయాడు. రాట్నం గుంట గట్టు మీదికొచ్చింది. ఇప్పుడు మధ్యాహ్నం పూట శేషప్పే చెంబుతో నీళ్లు తెచ్చి, హులిగెమ్మ పాదాల దగ్గర చల్లి, పోకుండా అక్కడే తచ్చాడుతుంటాడు. రాట్నం ఆగి ఎంతసేపో అయి ఉంటుంది.

"ఇంగ లేస్తావా? ఒక్క ఐదు నిమిషాలు?"

"ఉండప్పా" అంటుంది హులిగెమ్మ, కళ్లు తెరవకుండానే. "పోగు తెగింది, సూస్తాండాను."