కమాండ్ అప్పగించాక

అబిడ్స్ మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక గల్లీలో ఆరంతస్తుల కాంప్లెక్స్ ఉంది. దాని మెయింటెనెన్స్ ఆఫీసుకు నేను ఇన్‌ఛార్జిని. కింద చీరల దుకాణాలు, బ్యాగుల దుకాణాలు. మూడో అంతస్తులో కళ్ల డాక్టరు. ఐదులో బ్యాంకు పరీక్షల కోచింగ్ సెంటర్. నీళ్లు రాకపోతే నాకు ఫోన్, లిఫ్టు మొరాయిస్తే నాకు ఫోన్, సెల్లార్లో ఎవరి బండికి ఎవరి బండి అడ్డం పెట్టినా నాకే ఫోన్. మాది నల్లగొండ దిక్కు పల్లె. నాయన పత్తి వేసేవాడు. ఒక బిల్డింగు మొత్తానికి నేను జవాబు చెప్పుకునే రోజు వస్తుందని మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు.

ప్రమాదం జరిగినప్పుడు ఎవరేం చెయ్యాలో నేర్పిస్తామని నాంపల్లిలో ఒక హాల్లో శిక్షణ పెట్టారు. పెద్ద బిల్డింగుల నుంచి ఒక్కొక్కరిని పంపమన్నారు. మా కమిటీ నన్ను పంపింది. అక్కడ చెప్పింది వినడానికి చాలా సులువు. ప్రమాదం దగ్గర ఒక్కరి మాటే నడవాలి. ఆ ఒక్కరినీ ఇన్సిడెంట్ కమాండర్ అంటారు. కమాండర్ కింద చిన్న చిన్న జట్లు, జట్టుకో లీడర్. ఏ మనిషికైనా పైన చెప్పేవాడు ఒక్కడే ఉండాలి, ఇద్దరు చెప్తే ఇద్దరి మాటా చెడుతుంది. సాయానికి పోయినవాళ్లే ప్రమాదంలో పడకుండా చూడటానికి ఒక సేఫ్టీ ఆఫీసర్. కమాండర్ పని చెయ్యలేని స్థితిలో పడితే కమాండ్‌ను ఇంకొకరికి నోటితో, అందరికీ వినబడేట్టు అప్పగించాలి. అప్పగించాక మళ్లీ అందులో వేలు పెట్టకూడదు.

నాకది ఎంత నచ్చిందో చెప్పలేను. బావిలో బర్రె పడ్డప్పుడైనా, బస్సులో ఎవరైనా సొమ్మసిల్లినప్పుడైనా పది మంది పది రకాలుగా అరవడమే నేను చూసింది. తిరిగొచ్చి మా బిల్డింగులో జట్లు కట్టాను. దుకాణాల్లో పనిచేసేవాళ్లు, కోచింగ్ సెంటర్ స్టాఫ్, సెక్యూరిటీ వాళ్లు అందరికీ రంగు జాకెట్లు, విజిళ్లు ఇచ్చాను. లీడర్లకు వాకీటాకీలు కొనిపించాను. కమాండర్ని నేను. సేఫ్టీ ఆఫీసర్ మా సెక్యూరిటీ సూపర్‌వైజర్.

ఆయనది పాలమూరు. నేను ఉద్యోగంలో చేరేనాటికే ఆ గేటు దగ్గర తల నెరిసిన మనిషి. నేను వచ్చాక తన మీద ఒక ఆడమనిషిని కూర్చోబెట్టారన్న కినుక ఆయనకు లోపల ఉండేదని నాకు అనిపించేది. పైకి ఏమీ అనేవాడు కాదు. డ్రిల్లుల్లో మాత్రం ఏదో ఒకటి అడిగేవాడు.

"గీ జాకెట్లు ఏసుకోకపోతే మనం ఎవలమో మనకు తెల్వదా మేడం?"

"మనకు తెలుసన్నా. పైన సదువుకునే పిల్లలకు తెల్వాలె గదా."

ఆయన జాకెట్ వేసుకునేవాడు. గుండీలు మాత్రం పెట్టుకునేవాడు కాదు.

ఆ మధ్యాహ్నం వాన పొద్దున్నించి ఆగకుండా పడుతోంది. మెయిన్ రోడ్డు మీద నీళ్లు డివైడర్ అంచుకు వచ్చాయి. అవి మా గల్లీలోకి తిరిగి సెల్లార్ ర్యాంపు మీదుగా లోపలికి జారడం మొదలైంది. బండ్లు తీసుకుపోవడానికి కోచింగ్ పిల్లలంతా ఒక్కసారి కిందికి దిగితే తొక్కిసలాట అవుతుందని నేను ఐదో అంతస్తుకు వెళ్లి, నేను చెప్పేదాకా ఎవర్నీ క్లాసులోంచి వదలొద్దని అక్కడివాళ్లకు చెప్పాను. సెల్లార్లో నీళ్లు తోడే మోటారు నడుస్తోందో లేదో చూద్దామని లిఫ్టులో కిందికి బయల్దేరాను. అప్పటికి అది ప్రమాదం కాదు, వాన అంతే.

మూడో అంతస్తులో ఒక పెద్దావిడ ఎక్కింది. డెబ్బై దాటి ఉంటాయి. నేత చీర, భుజాన గుడ్డ సంచి. చెయ్యి చాపి గోడను తడుముకుంటూ వచ్చింది.

"అమ్మాయ్, సెల్లార్ నొక్కవా? మా మనవరాలు బండి తీసి ఉంచుతానంది. కళ్లలో చుక్కలు వేశారు, అంతా మసకగా ఉంది."

"నేనూ అక్కడికే పోతున్నానండీ" అన్నాను.

గ్రౌండ్ ఫ్లోర్ దాటి లిఫ్టు సెల్లార్‌కు సగం దాకా దిగిందో లేదో, దడాలున ఊగి ఆగిపోయింది. లైటు పోయింది. ఫ్యాన్ పోయింది. కింద ఎక్కడో నీళ్లు పడుతున్న చప్పుడు మాత్రం పెద్దదైంది.

"ఏమైందమ్మా?"

"కరెంటు పోయింది. వస్తుంది" అన్నాను. అలారం బటన్ నొక్కితే మోగలేదు. ఫోన్లో సిగ్నల్ లేదు. వాకీటాకీ తీశాను.

"అన్నా, లిఫ్టుల ఇరుక్కున్న. నాతోని ఒక పెద్దమ్మ ఉన్నది. కింద ఏమైతుంది?"

సూపర్‌వైజర్ గొంతు గరగరమంటూ వచ్చింది. సెల్లార్లో కరెంటు ప్యానెల్ దాకా నీళ్లు వచ్చాయి. ఏదో కాలిన వాసన వచ్చి పొగ లేచింది. అక్కడున్నవాళ్లందర్నీ పైకి పంపించాడు. పెద్దావిడ కోసం వెతుక్కుంటున్న మనవరాలు కూడా వాళ్లలో ఉంది. ఆ మాట చెప్తే పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపిరి వదిలింది.

పొగ అన్న మాట నన్ను పట్టుకుంది. వెంటనే పై జట్టు లీడర్‌కు ముందు మెట్ల మీదుగా పిల్లల్ని దింపమని చెప్పాను. దుకాణాల జట్టును గేటు దగ్గరికి పొమ్మన్నాను. చీకట్లో నిలబడి ఒకటి తర్వాత ఒకటి చెప్పుకుంటూ పోయాను. చెప్తుంటే ధైర్యంగా ఉండింది, నేనింకా బయటే ఉన్నట్టు. కొంతసేపటికి తల మీద ఎక్కడో మెట్ల మీద వందల కాళ్ల చప్పుడు, అరుపులు. సూపర్‌వైజర్ మళ్లీ పలికాడు. ఈసారి గొంతు పెంచాడు.

"మేడం, ముందుట గల్లీల నడుము లోతు నీళ్లున్నయి. పొగ సెల్లార్లనే ఉన్నది, పైకి వస్తలేదు. పోరగాండ్లను పైననే ఆపమని నేను చెప్పిన, మీరు దింపమన్నరు. సగం మంది మెట్ల మీద ఇరుక్కున్నరు. మీకు గాడికెల్లి ఏం కనవడ్తలేదు. కమాండ్ నాకియ్యున్రి."

ఆ పెట్టెలో నాకు మిగిలింది అదొక్కటే. అది కూడా ఇచ్చేస్తే నేను ఆ పెద్దావిడలాగే, ఎవరైనా వచ్చి తీస్తే బయటపడే మనిషిని. కానీ మెట్ల మీద ఒక అమ్మాయి ఏడుపు వినబడుతూనే ఉంది. వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుని అందరికీ చెప్పాను. "ఇప్పటినుంచి కమాండ్ సూపర్‌వైజర్‌ది. అందరూ ఆయన చెప్పినట్టే చెయ్యాలి."

"కమాండ్ తీసుకున్న" అన్నాడు ఆయన. డ్రిల్లులో ఒక్కసారి కూడా ఆ మాట అట్లా పూర్తిగా అనలేదు.

తర్వాత విజిల్ వినబడింది. మెట్ల మీద చప్పుడు సద్దుమణిగింది. పిల్లలు మళ్లీ పైకి ఎక్కుతున్నట్టున్నారు.

ఆ తర్వాతే నీళ్లు మా దాకా వచ్చాయి. తలుపు కింది సందులోంచి చల్లగా పాదాల కిందికి పాకాయి. ఫోన్ లైటు వేసి చూశాను. మురికి నీళ్లు, మీద నూనె తెట్టె. పెద్దావిడకు కనబడలేదు గానీ చెప్పుల్లో తడి తెలిసింది.

"నీళ్లు వస్తున్నాయా అమ్మాయ్?"

"కొంచెమే అండీ."

"ఈ నీళ్లలో కరెంటు ఉంటుందా?"

నాకు తెలియదు. అవతల, గోడకు అటువైపు, మగవాళ్ల గొంతులు వినబడుతున్నాయి. బ్యాగుల దుకాణం వాళ్లు కావచ్చు, సెల్లార్లోకి దిగే మెట్ల పైన నిలబడి వాదిస్తున్నారు. గడ్డపార తెచ్చి సెల్లార్ వైపు తలుపు పగలగొడితే రెండు నిమిషాల పని అంటున్నాడొకడు. సూపర్‌వైజర్ వాళ్ల మీద అరవడం నాకు స్పష్టంగా వినబడింది. "ఒక్కడు గూడ దిగద్దు! నీళ్లల్ల కరెంటు ఉందో లేదో ఎవనికి తెలుసు? కరెంటోళ్లు ట్రాన్స్‌ఫార్మర్ కాడ బంద్ చేసేదాక ఎవ్వడు అడుగు పెట్టొద్దు."

పెద్దావిడ కూడా విన్నది. నా భుజం పట్టుకుంది.

"నువ్వే కదమ్మా వాళ్లకి పెద్దదానివి? ఇందాకటిదాకా అందరికీ నువ్వే కదా చెప్పావు? తియ్యమని చెప్పు. వాళ్లు వస్తామంటుంటే అతనెవరు ఆపడానికి?"

"ఇప్పుడు ఆయనేనండీ పెద్ద. నేను అప్పగించేశాను."

"అప్పగిస్తే మళ్లీ తీసుకో."

నీళ్లు చీలమండల దాకా వచ్చాయి. గాలి బరువెక్కింది. ఆవిడ వేళ్లు నా భుజంలో దిగబడుతున్నాయి. ఆయన చేస్తున్నది సరైనదని నాకు తెలుసు. నేనే నేర్పాను, సాయానికి పోయినవాడు పడిపోతే ప్రమాదం రెండింతలని. తెలిసి కూడా వాకీటాకీ నొక్కాను.

"అన్నా, వాళ్లు వస్తమంటున్నరు గదా. రానియ్యి. ముసలామె ఉన్నది. నీళ్లు లోపలికి వస్తున్నయి. నీకు దండం పెడ్త, తలుపు పలగగొట్టియ్యి."

గరగర మధ్యలోంచి ఆయన గొంతు వచ్చింది.

"మేడం, కమాండ్ నా దగ్గరున్నది. ఎవ్వర్ని పంప. లిఫ్టు మెకానిక్ వస్తుండు, కరెంటోళ్లు వస్తున్నరు. లైన్ ఖాళీగ ఉంచున్రి."

ఇన్నాళ్ల కసి ఇప్పుడు తీర్చుకుంటున్నాడు అనుకున్నాను. గుండీలు పెట్టుకోని మనిషికి నేను నేర్పిన మాటలు నాకే చెప్పడం ఎంత బాగుందో అనుకున్నాను. తలుపును అరచేతులతో బాదాను. ఇనుము మోగింది, అంతే. పెద్దావిడ నన్ను వెనక్కి లాగింది.

"ఊరుకో తల్లీ. చేతులు నొప్పెడతాయి."

ఇద్దరం మూలకు ఒదిగి కడ్డీ పట్టుకుని నిలబడ్డాం. ఫోన్ లైటు ఆర్పేశాను. "ఆర్పెయ్, నాకెట్లాగూ కనబడదు" అంది ఆవిడ. నన్ను మాట్లాడించడానికేమో తన గురించి చెప్పుకొచ్చింది. వాళ్ల నాన్న గుంటూరు నుంచి గుమస్తా ఉద్యోగానికి వచ్చాడట. కాచిగూడలో కిరాయి ఇంట్లో పెరిగిందట. ఇంటివాళ్లు రాత్రి తాళం వేసేస్తే మేడ మీద ఏడుగురు తెల్లారేదాకా లోపలే ఉండాల్సి వచ్చేదట. "అప్పట్లో నాకు భయం వేసేది కాదు, పక్కనే అమ్మ ఉండేది" అంది. నీళ్లు పిక్కల మీదికి వచ్చాక మెల్లగా విష్ణు సహస్రనామం మొదలుపెట్టింది. మధ్యలో మర్చిపోయి, మళ్లీ మొదటికి వెళ్లింది.

మెకానిక్ ఆటో మొజంజాహీ మార్కెట్ దగ్గర ఆగిపోయిందనీ, నీళ్లలో నడుచుకుంటూ వచ్చాడనీ తర్వాత తెలిసింది. లిఫ్టును చేత్తో తిప్పి పైకి లాగే చక్రం టెర్రస్ మీది గదిలో ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కరెంటు కట్ చేశారన్న కబురు వచ్చేదాకా సూపర్‌వైజర్ అతన్ని కూడా పైన చెయ్యి పెట్టనివ్వలేదట. మాకు మాత్రం తెలిసింది ఒక్కటే. ఉన్నట్టుండి పెట్టె మూలిగింది. జానెడు లేచింది. ఆగింది. మళ్లీ జానెడు. పాదాల కింది నీళ్లు సందులోంచి కిందికి కారిపోతున్న చప్పుడు. పెద్దావిడ నా మెడ చుట్టూ చెయ్యి వేసింది.

తలుపు తెరుచుకుంటే ఎదురుగా సూపర్‌వైజర్. నా టేబుల్ మీదుండే కమాండర్ జాకెట్ తొడుక్కుని ఉన్నాడు. పొట్ట దగ్గర బిగుతుగా, గుండీలన్నీ పెట్టుకుని. నా వైపు చూడలేదు. "పెద్దమ్మను ముందు పట్టుకోన్రి" అన్నాడు. మనవరాలు ఏడుస్తూ వచ్చి ఆవిడను వాటేసుకుంది. నేను బయటికి అడుగు పెట్టాక అప్పుడు నా వైపు తిరిగి, "మేడం, కమాండ్ తీస్కుంటరా?" అని అడిగాడు.

"వద్దన్నా. నువ్వే కానియ్యి" అన్నాను. ఆయన తలూపి పిల్లల్ని వరసలో దింపే పనికి వెళ్లిపోయాడు.

సెల్లార్ నీళ్లలో నిజంగా కరెంటు ఉండిందో లేదో ఎవరికీ తెలియలేదు. కట్ చేశాక ఏ నీళ్లైనా ఒకటే. అదే నన్ను చాలా రోజులు తిన్నది. ఉండిందని తెలిస్తే ఆయనకు దండం పెట్టేదాన్ని. లేదని తెలిస్తే కోపం ఉంచుకునేదాన్ని. రెండూ కుదరలేదు.

కమిటీ మీటింగులో అధ్యక్షుడు నన్ను మెచ్చుకున్నాడు, లిఫ్టులో ఉండి కూడా నిబ్బరంగా కమాండ్ అప్పగించానని. నాకు ఉండబట్టలేదు. అప్పగించాక వేలు పెట్టానని, తలుపు పగలగొట్టించమని బతిమాలానని చెప్పాను. అందరూ సూపర్‌వైజర్ వైపు చూశారు. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "గదేం నాకు ఇనవడలేదు సార్. వాకీటాకీల అంత గరగర వచ్చింది" అన్నాడు.

అన్నీ విన్నాడు. జవాబు కూడా చెప్పాడు. ఆ అబద్ధంతో ఆయన నన్ను కాపాడాడో, ఆ తప్పును నా మెడకు ఇంకొంచెం బిగించాడో నాకు ఇప్పటికీ తేలదు.

ఇప్పుడు మా బిల్డింగులో కమాండర్ ఆయనే. నేనే కమిటీకి చెప్పి మార్పించాను. డ్రిల్లుల్లో నా పని గేటు దగ్గర నిలబడి ఫైర్ వాళ్లతో, దవాఖాన వాళ్లతో మాట్లాడటం. మొన్న ఒకసారి డ్రిల్లు నడుస్తుంటే లోపలి నుంచి ఎవరో కేక వేశారు. నా కాలు దానంతట అదే అటు కదిలింది. "మేడం, మీ జాగల మీరు ఉండున్రి" అని ఆయన దూరం నుంచి చెయ్యి చూపించాడు. ఆగిపోయాను. లోపల ఏమైందో చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది. ఆయన పిలిచేదాకా గేటు పట్టుకుని అక్కడే నిలబడ్డాను.