ఖలీల్ సాబ్ చూసిన పొయ్యిలు

మొన్న కల్వకుర్తి దారిలో చాయ్ కోసం ఆగితే ఆముదపు కట్టె పొగ తగిలింది. భగ్గున మండి తొందరగా ఆరిపోయే కట్టె అది. దాని పొగ గొంతులో కాస్త గీరుకుంటుంది. గ్లాసు పట్టుకుని ఆ పొయ్యి ముందే నిలబడిపోయాను. ఖలీల్ సాబ్ గుర్తుకొచ్చారు.

ఎనభైల చివర నేను మహబూబ్‌నగర్‌లో ఉద్యోగంలో చేరినప్పుడు ఆయన నా పై అధికారి. పంటల నుంచి సరుకు తీసే ఫ్యాక్టరీలు పెడతామని వచ్చేవాళ్ల కాగితాలు చూసి, అవి నిలబడతాయా, చుట్టూ ఉన్న నేలకూ నీళ్లకూ ఏమవుతుంది అని నివేదిక రాయడం మా పని. కాగితాలు విప్పకముందే ఆయన ఊళ్లోకి నడిచేవారు, అదీ పొద్దున వంట వేళకు. వాకిట్లో చెప్పులు విడిచి, "అమ్మా, జర మీ పొయ్యి చూస్తా" అని అడిగేవారు. ఒకచోట ఒక ముసలమ్మ నవ్వింది. "ఏంది సారూ, గుడుంబ కోసం పోలీసోళ్లు చూసినట్టు చూస్తున్నవ్?" "పొయ్యిల ఏం పెడ్తున్నవో చూస్తున్న అవ్వా. గది ఫ్యాక్టరీవోళ్లు తీస్కపోతే ఏం పెడ్తవ్?" "గప్పుడు నా కాళ్లు పెట్టాలె" అందామె. తిరుగుదారిలో జీపులో ఆయన అన్నారు: "యాదగిరీ, మన కాగితంల 'వ్యర్థం' అని ఒక గడి ఉంటది. గది నింపే ముంగట, ఎవరికి వ్యర్థం అని అడుగు."

తొంభైల మొదట్లో ఒక కంపెనీ వచ్చింది. ఆముదం కోత అయ్యాక చేలో మిగిలే కట్టెను యాసిడ్‌లో ఉడికించి, నూనెలు శుద్ధి చేయడానికి వాడే ద్రావకం తీస్తామన్నారు. కట్టె ఊరికే దొరుకుతుందన్న నమ్మకం మీదే వాళ్ల పథకమంతా నిలబడింది. ఆ వారమే ఖలీల్ సాబ్ భార్యను హైదరాబాద్ దవాఖానలో చేర్చారు. ఊళ్లు చూసి రమ్మని నన్ను పంపారు. నేను రోడ్డు మీదే జీపు ఆపించి, చేలలో కుప్పలుగా పడి ఉన్న కట్టె చూసి వెనక్కి తిరిగాను. ఎండ ఎక్కువగా ఉందని నాకు నేనే చెప్పుకున్నాను. నివేదిక తొందరగా పంపితే పైవాళ్ల దగ్గర పేరొస్తుందన్నది అసలు సంగతి. గడిలో 'వ్యర్థం, ఏ వాడుకా లేదు' అని రాశాను. సంతకం కోసం తీసుకెళ్తే, దవాఖాన వరండాలో ఆయన కళ్లద్దాలు తుడుచుకుని అడిగారు.

"పొయ్యిలు చూసినవా?"

"చూసిన సార్."

"ఇగ నాకేం ఫికర్" అని సంతకం చేశారు.

ఫ్యాక్టరీ వచ్చింది. మొదటి ఏడాది కట్టె ఊరికే పోయింది. రెండో ఏడు పొయ్యిలోకి ఏమీ దొరకక ఆడవాళ్లు గుట్ట మీది తంగేడూ సీతాఫలం చెట్లూ నరికారు. రైతులు కట్టెకు ధర అడగడం మొదలుపెట్టారు. వానలు తప్పి ఆముదం పండని ఏడు కట్టె చాలక ఫ్యాక్టరీ మూతపడింది. దాని వెనక గుంటలో వదిలిన పుల్లటి నీళ్లు మాత్రం పక్క బావుల్లోకి దిగాయి. విచారణకు వచ్చినవాళ్లు "ఊరు చూసిందెవరు?" అని అడిగారు. నేను తల దించుకున్నాను. ఖలీల్ సాబ్ నా వైపు ఒక్కసారి చూసి, "సంతకం నాది" అన్నారు. ఆయనకు రావలసిన ప్రమోషన్ ఆగిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆయన నన్ను ఫ్యాక్టరీ పక్కనున్న ఆ ఊరికి తీసుకెళ్లారు. ఒక వాకిట్లో ఒకామె పచ్చి కొమ్మలు ఊదుతూ, పొగకు కారే కళ్లు కొంగుతో తుడుచుకుంటోంది. "గిప్పుడన్న చూడు బేటా" అన్నారు మెల్లగా.

రిటైరయ్యాక ఆయన షాద్‌నగర్‌లో ఉండేవారు. తప్పు ఒప్పుకోవాలని రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ చాయ్ తాగి వచ్చేశాను. మూడోసారి వెళ్లింది ఆయన పోయాక, జనాజాకు. ఆ ఫ్యాక్టరీ సంగతి తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పొయ్యి చూడకుండా ఆ గడి నింపలేదు. దానితో ఆ ఊరి బావుల్లో ఒక్కటీ బాగుపడలేదు.

మొన్న చాయ్ కాచే ఆమె నన్ను వింతగా చూసింది. "ఏం చూస్తున్నవ్ సారూ?"

"పొయ్యి."

"చూసినవా మరి? జర జరుగు, పొగ తాకుతది."

'చూసిన' అనడానికి నాకు నోరు రాలేదు. కట్టె ఆరేదాకా అక్కడే నిలబడ్డాను.