కలిసే చోట రంగు

"అయిదేండ్లు ఓపిక పట్టమ్మా. ఆ తర్వాత నిన్ను నీ ల్యాబులో నేనే దిగబెట్టి వస్తా." పులివెందుల ఇంట్లో, పదిమంది ముందు, మా బావ తన కూతురికి ఇచ్చిన మాట ఇది. అది నిలబడలేదు. ఆ కూతురు, నా మేనకోడలు, మొన్న పోయింది. ప్రొద్దుటూరు సంతాపసభలో ఒక నాయకుడు ఆమెను "వంటింటి నుంచి ఎదిగిన నాయకురాలు" అన్నాడు. ఆమె వచ్చింది వంటింటి నుంచి కాదు. అది చెప్పందే నాకు కాలు నిలవడం లేదు.

ఆమె హైదరాబాదులో పరిశోధన చేసేది. కొన్ని ప్రొటీన్ ముక్కలు ఎవరూ పిలవకుండానే ఒకదానికొకటి అతుక్కుని, లోపల ఖాళీగా ఉండే గూడు కడతాయి. ఆ గూళ్లకు మెరిసే రంగు అంటించి కణాల్లోకి పంపితే, అవి ఎటు పోతున్నదీ మైక్రోస్కోపు కింద కనబడుతుంది. ఎప్పటికైనా ఆ గూట్లో మందు పెట్టి జబ్బున్న కణానికే చేర్చవచ్చని ఆమె ఆశ. సెలవులకు జమ్మలమడుగులో మా ఇంటికి వచ్చి, చెనిక్కాయలు వలుస్తూ చెప్పేది.

"ఏడాదంతా చెడగొట్టుకున్నా మామా. రంగు పొయ్యి పొయ్యి, ముక్కలు కలిసే చోటే అంటుకునింది. ఇంగ గూడు యాడ కడుతుంది?"

"ఇప్పుడో?"

"బయటి పక్క అంటిస్తాండా. నిలబడింది!"

ఆ గూళ్లు కణంలో మెరవడం చూసిన వారానికే ఇంటినుంచి పిలుపు. మండలాధ్యక్ష పదవి మహిళలకు రిజర్వయింది. మా వర్గానికి పెద్ద మా బావ, ఆయన మీద కేసులు. సీటు ఎదుటి వర్గానికి పోకూడదు. మా వైపు సీటు ఆడవాళ్లదైతే ఇంట్లో ఆడమనిషిని వెతుకుతారు. కుర్చీ ఆమెది, పెత్తనం మగవాళ్లది.

ఆఫీసు గోడకు ఆమె తన ఫోటో పెట్టుకోలేదు. నల్లటి కాగితం మీద పచ్చటి చుక్కలున్న కణం ఫోటో పెట్టుకుంది.

"ఏందమ్మా ఇది, తిరునాళ్ల లైట్లా?" అన్నాడొక ముసలాయన.

"నేనేసిన పైరు తాతా. కోతకు పోవల్ల."

ఒక ఊళ్లో అన్నదమ్ముల ఇళ్ల నడిమి గోడకు రెండు పార్టీలూ చెరో పక్క రంగు పూశాయి. నెలలోపే కొడవళ్లు లేచాయి. "వీళ్లూ కలిసే చోటే పూసినారు మామా," అంది.

అయిదేళ్లూ గడిచాయి. పార్టీ ఇంకో పదవి చూపించినా, ఆమె ల్యాబుకు పోవడానికి మా బావ అడ్డు చెప్పలేదు. ముద్దనూరు స్టేషనుకు నేనే తోడు వెళ్లాను. రైలు రాకముందే రెండు జీపుల మనుషులతో మా అక్క, ఆమె తల్లి, వచ్చింది.

"నువ్వు పొయ్యి రంగులు చూసుకుంటాంటే వీళ్లను ఎవురు చూడల్ల? మీ నాయన్ను నరికితే ఫోను చేస్తాంలే, విను."

"అయిదేండ్లన్నారు గదమ్మా."

"అనింది మీ నాయన. నేను యాడన్నా?"

రైలు వచ్చింది, పోయింది. ఆమె పెట్టె జీపులోకి ఎక్కింది.

మాట తప్పాడని ఊరంతా మా బావనే తిడుతుంది. నిజానికి ఆ మండలం సీటుకు మొదట అడిగింది మా అక్కను. "నాకు నలుగుర్లో సిగ్గు, సదువుకున్న పిల్ల ఉండాది గదా" అన్నది ఆమే.

మొన్న ఆ చుక్కల ఫోటో తెచ్చి నా మేనకోడలి చేతి పక్కన పెట్టాను. ఆమె మీద పార్టీ జెండా కప్పారు. కెమెరాలు రాగానే రెండు చేతులు ముడతలు సరిచేసి, జెండాను ఆ పచ్చటి చుక్కల మీదికి కూడా లాగాయి. ఆ చేతులు మా అక్కవి.